గుర్తులను గీసే గణితం

హైదరాబాదులో మూసీనదికి ఉత్తరపు ఒడ్డున బేగంబజారు ఉన్నది. రెండవ అసఫ్ జా నిజాం అలీ ఖాన్ (1762–1803) భార్య హుమ్దా బేగం ఈ స్థలాన్ని వర్తకులకు ఇచ్చినందువల్ల దానికి ఆ పేరు వచ్చినదని చెబుతారు. పెండ్లి సామాను కొనడానికి ఊళ్ళనుండి వచ్చేవారు ఇక్కడ ఇత్తడి, రాగి, స్టీలు పాత్రల దుకాణాలలో బిందెలు, పళ్ళాలు బేరమాడి కొంటారు. కొన్న తరువాత ఇంకొక చిన్న పని మిగిలి ఉంటుంది. దానినే పాత్రలపై పేరు కొట్టించడం అంటారు.

పేర్లు కొట్టే మనిషి చేతిలోని సూది వేగంగా అదురుతూ లోహంపై వరుసగా చుక్కలు వేస్తుంది. దూరంనుండి చూస్తే అవి అక్షరాలు, దగ్గరగా చూస్తే ఒట్టి చుక్కలు. ఆ చుక్కల పేరునే ఫోటో తీసి పదింతలు పెద్దది చేస్తే అక్షరం విడిపోయి చుక్కల మధ్య ఖాళీలు కనిపిస్తాయి. కాని పేరు కొట్టే మనిషి మనస్సులో ఉన్నది చుక్కల పట్టిక కాదు. “ఇక్కడ మొదలుపెట్టి, ఇలా వంచి, అక్కడ ఆపాలి” అనే గీత ఆయన మనస్సులో ఉంటుంది. ఆ గీతను గోరంత గరిటెపైనైనా, గంగాళంపైనైనా ఆయన అదే ఒడుపుతో వేయగలడు.

గణకయంత్రంలో బొమ్మను దాచే పద్ధతులు కూడా ఈ రెండే. చుక్కల పట్టికగా దాచితే అది పిక్సెళ్ళ చిత్రం. గీతల వర్ణనగా దాచితే అది వెక్టరు చిత్రం. ఈ రోజు మన చేతిలోని ఫోను తెరపై కనిపించే చిన్న చిన్న గుర్తులను, అనగా ఐకాన్లను, ఎక్కువగా రెండవ పద్ధతిలోనే గీస్తారు. ఈ విద్య ఎలా పుట్టినదో, దాని మెలకువలు ఏమిటో, అది మన జీవితంలో ఎక్కడ తగులుతుందో తెలుసుకొందాము.

చదువు రానివారికి గుర్తు

అక్షరానికి బదులు బొమ్మ పెట్టడం కొత్త సంగతి కాదు. వర్తకులు తమ గోనెసంచులపై మార్కాలు వేసుకొనేవారు. రేకులో ఆకారాన్ని కత్తిరించి, సంచిపై పరచి, కుంచెతో సిరా పూస్తే గుర్తు పడుతుంది. ఇందులో ఒక చిక్కు ఉన్నది. రేకులో సున్నను కత్తిరిస్తే లోపలి ముక్క రాలిపోతుంది. సంచిపై సున్నకు బదులు పెద్ద మచ్చ పడుతుంది. అందుకని లోపలి ముక్కను పట్టి ఉంచేందుకు రెండు సన్నని వంతెనలు వదలుతారు. “లోపల” ఏది, “బయట” ఏది అనే ఈ ప్రశ్న గణకయంత్రానికీ ఎదురైనది. దానిని తరువాత చూద్దాము.

20వ శతాబ్దంలో ఈ పనికి శాస్త్రీయమైన క్రమశిక్షణ తెచ్చినవారిలో ఆస్ట్రియా దేశపు తత్త్వవేత్త ఆటో నాయ్‌రాత్ ముఖ్యుడు. ఆయన 1925లో వియన్నాలో ఒక సాంఘిక ప్రదర్శనశాలను స్థాపించి, జనాభా, పంటలు, రోగాలు మొదలైన లెక్కలను సామాన్యులకు బొమ్మల ద్వారా చూపించినాడు. గెర్డ్ ఆర్న్ట్స్ అనే చిత్రకారుడు ఆయన కోసం వేలకొలది గుర్తులను చెక్కినాడు. పిమ్మట ఈ పద్ధతికి ఐసోటైపు అనే పేరు వచ్చినది. నీడవలె ఒకే రంగు, అనవసరపు వివరం లేకపోవడం, ఒక వస్తువుకు ఎల్లప్పుడూ ఒకే గుర్తు – ఇవి దాని నియమాలు. 1964 టోక్యో ఒలింపిక్ క్రీడలలో ఒక్కొక్క ఆటకు ఒక్కొక్క గుర్తు గీసినారు. 1972 మ్యూనిక్ క్రీడలకు ఓట్ల్ ఐషర్ మనిషి కాళ్ళుచేతులను నిలువు, అడ్డం, 45 డిగ్రీల ఏటవాలు గీతలలో ఇమిడ్చి గుర్తులన్నిటినీ ఒక కుటుంబంగా మలచినాడు.

మన దేశంలో ఈ పని ఇంతకంటె పెద్ద పరీక్షకు నిలిచినది. 1951 జనాభా లెక్కల ప్రకారం మన అక్షరాస్యత సుమారు 18 శాతం. 1951–52లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికలలో ఓటర్లు 17 కోట్లకు పైగా ఉన్నారు. పేరు చదవలేని మనిషి తన అభ్యర్థిని ఎలా పోల్చుకోవాలి? సుకుమార్ సేన్ నాయకత్వంలోని ఎన్నికల సంఘం ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టెను ఏర్పరచి, దానిపై గుర్తును అంటించినది. కాడి కట్టిన ఎడ్లజత, చెట్టు, గుడిసె, కంకి–కొడవలి వంటివి ఆనాటి గుర్తులు. పల్లెటూరి మనిషి రోజూ కంటితో చూసే వస్తువులనే ఎన్నుకొన్నారు. తరువాతి దశాబ్దాలలో ఎన్నికల సంఘపు చిత్రకారుడు ఎం. ఎస్. సేథీ ఇటువంటి గుర్తులను పెన్సిలుతో అనేకం గీసినాడు. ఆయన 1992లో ఉద్యోగ విరమణ చేసినాడు. ఆ బొమ్మలు మాత్రం ఆ తరువాత కూడా ఓటు పత్రాలపై నిలిచి ఉన్నాయి.

గీతను యంత్రానికి నేర్పినవారు

ఓటు గుర్తులను చేతితో గీస్తున్న ఆ కాలంలోనే పాశ్చాత్య దేశాలలో కొందరు గీతను సంఖ్యలుగా మార్చే మార్గం వెదుకుతున్నారు. వారికి కావలసినది గుర్తు కాదు, మోటారు కారు. కారు పైరేకు వంపును చిత్రకారుడు చేతితో గీస్తే, దానిని కొలిచి అచ్చు తయారు చేసేటప్పటికి ఆ వంపు ఎంతో కొంత మారిపోయేది.

ఫ్రాన్సులో సిట్రోయెన్ కంపెనీలో పనిచేసిన పాల్ ద కాస్టెల్జో 1959లో ఇందుకు ఒక ఉపాయం కనుగొన్నాడు. కంపెనీ దానిని రహస్యంగా ఉంచినది. 1960 తరువాతి సంవత్సరాలలో రెనో కంపెనీ ఇంజనీరు పియేర్ బేజియే స్వతంత్రంగా అటువంటి పద్ధతినే పెంపొందించి ప్రకటించినాడు. అందుచేత ఆ వక్రరేఖలకు బేజియే పేరే స్థిరపడినది. వాటి వెనుక ఉన్న బహుపదులను రష్యా గణితవేత్త సెర్గీ బెర్న్‌స్టీన్ 1912లోనే వేరొక సిద్ధాంతాన్ని నిరూపించడానికి వాడినాడు. శుద్ధగణితంలో పుట్టిన సాధనం అర్ధశతాబ్దం తరువాత కార్ఖానాలో పనికివచ్చినదన్నమాట.

ఉపాయం ఎంత సులభమైనదో పాఠకులు గళ్ళ కాగితంపై స్వయంగా చూడవచ్చును. నాలుగు బిందువులు పెట్టండి: (0,0), (0,8), (8,8), (8,0). మొదటిది గీత మొదలు, చివరిది గీత కొస. మధ్యవి రెండూ గీతపై ఉండవు. అవి గీతను తమవైపు లాగుతాయి. ఇప్పుడు వరుసగా పక్కపక్క బిందువుల మధ్యబిందువులను గుర్తించండి: (0,4), (4,8), (8,4). వీటి మధ్యబిందువులు (2,6), (6,6). ఈ రెండింటి మధ్యబిందువు (4,6). వక్రరేఖ సరిగా ఈ బిందువుగుండా పోతుంది. సగానికి బదులు పావు, ముప్పావు, ఇంకా చిన్న భాగాలతో ఇదే పని చేస్తే వక్రరేఖ పైని మిగిలిన బిందువులన్నీ వస్తాయి. కావలసినది కూడిక, భాగహారం మాత్రమే. చివరకు కాగితంపై ఒక అందమైన కమాను నిలుస్తుంది.

అమెరికాలో 1963లో ఐవాన్ సదర్లాండ్ అనే యువకుడు మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు సమర్పించిన పరిశోధన వ్యాసంలో స్కెచ్‌ప్యాడ్ అనే కార్యక్రమాన్ని వర్ణించినాడు. కాంతిలేఖినితో తెరను తాకి గీతలు గీయడం, ఒక మూలచిత్రాన్ని గీసి దాని ప్రతులను అనేకచోట్ల వాడుకోవడం, మూలాన్ని సవరిస్తే ప్రతులన్నీ తామే మారడం – ఇవన్నీ అందులో ఉన్నాయి. నేటి గ్రాఫిక్స్ కార్యక్రమాలన్నిటికీ దానిని ముత్తాతగా చెప్పవచ్చును.

గీత వర్ణన ఎంత శుద్ధంగా ఉన్నా చివరకు తెరపై వెలగవలసినవి చుక్కలే. ఏ చుక్కలు వెలిగిస్తే గీత సరిగా కనిపిస్తుందో నిర్ణయించే పద్ధతిని ఐ.బి.ఎం. కంపెనీలో జాక్ బ్రెసన్‌హామ్ 1962లో రూపొందించినాడు. అది 1965లో అచ్చయినది. పూర్ణసంఖ్యల కూడికలు, తీసివేతలతోనే ఆ పని సాగుతుంది. పేర్లు కొట్టే మనిషి చేయి తెలియకుండానే చేసే పనిని ఆయన లెక్కగా మార్చినాడనవచ్చును.

చుక్కలనుండి గీతలకు

ఫలకంపై గుర్తులను చూపి పని చేయించుకొనే గణకయంత్రాన్ని జిరాక్స్ కంపెనీ 1981లో స్టార్ అనే పేరుతో అమ్మకానికి తెచ్చినది. 1984లో వచ్చిన మెకింటోష్ యంత్రానికి సూసన్ కేర్ అనే చిత్రకారిణి గుర్తులు గీసినది. ఆమెకు దొరికిన స్థలం అడ్డం 32, నిలువు 32 గళ్ళు. మొత్తం 1,024 గళ్ళు, ఒక్కొక్కటి నలుపో తెలుపో మాత్రమే. గళ్ళ కాగితంపై గడి గడిగా నింపి ఆమె గుర్తులను కల్పించినది.

ఆ గుర్తుకు పట్టే జాగా 128 బైట్లు. అదే గుర్తు గోడంత తెరపై నునుపుగా కనిపించాలని 1,024 అడ్డం, 1,024 నిలువు గళ్ళలో దాచితే 1,31,072 బైట్లు కావాలి. కాని ఒక వృత్తాన్ని వర్ణించడానికి కేంద్రాన్ని తెలిపే రెండు సంఖ్యలు, వ్యాసార్థం ఒకటి, మొత్తం మూడు సంఖ్యలు చాలు. వృత్తం ఆవగింజంత ఉన్నా, చార్మినారంత ఉన్నా సంఖ్యలు మూడే. వెక్టరు పద్ధతి బలం ఇందులో ఉన్నది.

జాన్ వార్నాక్, చార్లెస్ గెష్కీ 1982లో స్థాపించిన అడోబీ కంపెనీ 1984లో పోస్టుస్క్రిప్టు అనే ముద్రణ భాషను వెలువరించినది. అందులో అక్షరాలు బేజియే వక్రరేఖలే. 1987లో ఇలస్ట్రేటర్, 1989లో కోరెల్‌డ్రా వచ్చినాయి. హైదరాబాదులో డీటీపీ చేసేవారికి కోరెల్‌డ్రా నిత్యం చేతిలో ఆడే పనిముట్టు అయినది. శుభలేఖలు, కరపత్రాలు, దుకాణాల పేరుపలకలు దానిలో రూపు దిద్దుకొన్నాయి. వెక్టరు చిత్రాలను అంతర్జాలంలో పంపుకోవడానికి ఎస్.వి.జి. అనే ఉమ్మడి రూపం 2001లో ప్రమాణమైనది. 2003లో ఇంక్‌స్కేప్ అనే కార్యక్రమం వచ్చినది. దానిని ఎవరైనా డబ్బు లేకుండా తెచ్చుకొని వాడుకోవచ్చును.

బిందె గుర్తు గీద్దాము

ఇక మెలకువల సంగతి. బేగంబజారు బిందెనే ఉదాహరణగా తీసుకొందాము.

మొదట 24 గళ్ళ చదరం గీసి, చుట్టూ రెండేసి గళ్ళు అంచుగా వదలాలి. నిలువుగా 12వ గీతను అక్షంగా పెట్టుకోవాలి. బిందె రెండు వైపులా ఒకేలా ఉంటుంది గనుక కుడి సగం గీస్తే చాలు. ఎడమనుండి అడ్డం, పైనుండి నిలువు లెక్కపెడితే, మూతి అంచు (17,3), మెడ (15,7), పొట్ట (21,14), అడుగు (16,21). ఈ నాలుగు చోట్లనే ఆధార బిందువులు పెట్టాలి. మెడ వద్ద ఆకారం అక్షానికి అతి సమీపంగా, పొట్ట వద్ద అతి దూరంగా ఉన్నది. అటువంటి చోట వక్రరేఖ స్పర్శరేఖ సరిగా నిలువుగా ఉండాలి. కనుక అక్కడి పిడులను నిటారుగా లాగాలి. తరువాత ఈ సగాన్ని అద్దంలోవలె తిప్పితే (21,14) పోయి (3,14) అవుతుంది, మిగిలినవీ అలాగే. ఎనిమిది బిందువులతో బిందె పూర్తి అయినది.

కొత్తగా నేర్చుకొనేవారు ముప్ఫై నలభై బిందువులు పెట్టి గీతను సరిచేయాలని చూస్తారు. బిందువులు ఎక్కువైన కొద్దీ గీతలో గతుకులు పెరుగుతాయి. వక్రరేఖ అతి పైకి, అతి కిందికి, అతి కుడికి, అతి ఎడమకు పోయే చోట్ల మాత్రమే బిందువు పెట్టాలన్నది అనుభవజ్ఞుల సూత్రం. పూర్తి వృత్తానికి సైతం నాలుగు బిందువులు చాలు. పిడి పొడవు వ్యాసార్థంలో 0.5523 వంతు ఉండాలి. బేజియే వక్రం నిజమైన వృత్తం కాజాలదు. అయినా దోషం వ్యాసార్థంలో సుమారు 0.027 శాతమే. పది సెంటీమీటర్ల వ్యాసార్థంగల వృత్తంలో అది మిల్లీమీటరులో ముప్ఫైయవ వంతుకంటె తక్కువ.

రెండవ మెలకువ ఆకారాలను కలపడం, తీసివేయడం. వృత్తంలోనుండి చిన్న వృత్తాన్ని తీసివేస్తే గాజు వస్తుంది. ఇక్కడ గోనెసంచి మార్కా ప్రశ్న తిరిగి వస్తుంది: రంగు ఎక్కడ నింపాలి? ఒక పద్ధతిలో యంత్రం ఏదైనా బిందువునుండి బయటకు ఒక సరళరేఖ గీచి, అది అంచులను ఎన్నిసార్లు దాటినదో లెక్కపెడుతుంది. బేసి అయితే లోపల, సరి అయితే బయట. గాజు మధ్యనున్న ఖాళీనుండి బయటకు పోవాలంటే రెండు అంచులు దాటాలి. కనుక అది బయట. ఈ లెక్క ఉన్నందువల్ల వెక్టరు సున్నకు వంతెనలు అక్కరలేదు.

మూడవది కంటి తూకం. ఒకే కొలతగల చదరం, వృత్తం పక్కపక్కన పెడితే చదరం పెద్దదిగా తోస్తుంది. అందుకని 24 గళ్ళలో వృత్తానికి వ్యాసం 20 ఇస్తే చదరానికి భుజం 18 ఇస్తారు. వృత్త వైశాల్యం సుమారు 314, చదరపు వైశాల్యం 324, దాదాపు సమానం. తక్కెడలో రెండు పళ్ళాలు సమంగా నిలిచినట్లు కంటికి రెండు గుర్తులూ ఒకే బరువుగా కనిపిస్తాయి.

నాలుగవది, గీత అంచులు పిక్సెల్ అంచులపై పడేటట్లు చూడడం. ఒక పిక్సెల్ మందంగల నిలువు గీతను రెండు పిక్సెళ్ళ సరిహద్దుపై నిలిపితే అది రెండింటిలోనూ సగం సగం పడి మసకగా కనిపిస్తుంది. అర గడి జరిపితే స్ఫుటమవుతుంది.

ఐదవది అన్నిటికంటె ముఖ్యం: గుర్తును చిన్నది చేసి చూడడం. మన బిందెను 12 పిక్సెళ్ళకు కుదిస్తే మూతికి మెడకు మధ్య తేడా ఒక్కొక్క వైపున ఒక్క పిక్సెల్ మాత్రమే. అది పోతే బిందె బంతి అవుతుంది. కనుక వస్తువును పోల్చి చెప్పే భాగాన్ని – ఇక్కడ మెడను – ఉన్నదానికంటె కొంచెం ఎక్కువ చేసి గీయాలి. పోలికకు పనికిరాని నగిషీని వదలివేయాలి.

తెలుగు లిపికి ఈ విద్య బాగా కలిసి వచ్చినది. మన అక్షరాలు వంపుల రాశి. తలకట్టును ఒకసారి గీసి అనేక అక్షరాలకు వాడుకోవడం సదర్లాండ్ మూలచిత్రపు ఉపాయమే. తిరుమల కృష్ణదేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లను రూపొందించి అందరికీ ఉచితంగా ఇచ్చినారు. పురుషోత్ కుమార్ గుట్టుల మండలి, సూరన్న, రామభద్ర వంటి ఫాంట్లను రూపొందించగా, సిలికానాంధ్ర సంస్థ వాటిని స్వేచ్ఛగా వాడుకొనే అనుమతితో విడుదల చేసినది. బేగంబజారు వర్తకుని ధరల చీటీపై కనిపించే రూపాయి చిహ్నం కూడా ఇటువంటిదే. డి. ఉదయకుమార్ దేవనాగరి ‘ర’ను, రోమన్ ‘ఆర్’ను కలిపి గీసిన ఆ రూపాన్ని కేంద్ర మంత్రివర్గం 2010 జులై 15న ఆమోదించినది. అదే సంవత్సరం అది యూనికోడ్‌లో చేరినది.

పోలిక తప్పితే

గుర్తు మంచిదో కాదో తేలేది అందంలో కాదు, ఆపదలో. ఓటింగు యంత్రాలను మన దేశంలో తయారు చేసే రెండు ప్రభుత్వ సంస్థలలో ఒకటి 1967లో స్థాపించిన హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్. ఆ యంత్రపు ఒక్కొక్క ఫలకంపై 16 మంది పేర్లు, గుర్తులు పడతాయి. 2019లో నిజామాబాదు లోక్‌సభ స్థానానికి 185 మంది పోటీచేసినారు. వారిలో అత్యధికులు పసుపు, ఎర్రజొన్న రైతులు. పన్నెండు ఫలకాలను జతచేయవలసి వచ్చినది. ఒకదానితో ఒకటి పొరపడని 185 గుర్తులు ఒకే చోట నిలవడం సామాన్య విషయం కాదు. ఓటు వేసిన పిమ్మట అభ్యర్థి వరుస సంఖ్య, పేరు, గుర్తు ముద్రించిన చీటీ అద్దం వెనుక ఏడు సెకండ్లు మాత్రం కనిపిస్తుంది. కంటి చూపు మందగించిన వృద్ధురాలు ఆ ఏడు సెకండ్లలో తన ఓటు సరిగా పడినదో లేదో తెలుసుకోవాలి.

తెలంగాణలో ఈ విషయమై పెద్ద వివాదమే నడిచినది. 2018 శాసనసభ ఎన్నికల తరువాత, కారు గుర్తుగల పార్టీ తన గుర్తును ట్రక్కు గుర్తు పోలి ఉన్నదనీ, ఓటర్లు పొరబడుతున్నారనీ ఎన్నికల సంఘానికి ఫిర్యాదు చేసినది. 2022లో మునుగోడు ఉప ఎన్నిక సమయంలో రోడ్డు రోలరు, చపాతీ కర్ర, సబ్బు పెట్టె, కెమెరా వంటి గుర్తులపై అదే ఫిర్యాదు తిరిగి వచ్చినది. చపాతీ కర్రకు, కారుకు పోలిక ఏమిటని నవ్వవచ్చును. రాజకీయం మాట అటుంచి, గీత గీసేవాని కంటితో చూడండి. అడ్డంగా పొడుగైన ఒక ముద్ద, దాని రెండు కొసలలో ఏదో గుండ్రనిది – ఇంతవరకు కుదించితే కారు, ట్రక్కు, రోలరు, ఇంకా ఎన్నో వస్తువులు ఒకే నీడగా మిగులుతాయి. పెద్ద బొమ్మలో తేడా చూపే కిటికీలు, దీపాలు, గీతలు చిన్న బొమ్మలో కలిసిపోతాయి.

గుర్తులు గీసేవారు రెండు పరీక్షలు పెట్టుకోవాలి. గుర్తును పూర్తిగా నల్లగా నింపి, నీడను మాత్రం చూసినప్పుడు వస్తువు తెలియాలి. గోరంతకు కుదించి, మిగిలిన గుర్తుల మధ్య పెట్టి చూసినప్పుడు దానిని వేరుగా పోల్చుకోగలగాలి. వెక్టరు పద్ధతి ఈ పరీక్షలను తేలిక చేసినది. ఒక బిందువును అర గడి జరిపి, వెంటనే ఫలితం చూడవచ్చును. అయితే ఏ బిందువును జరపాలో యంత్రం తానుగా చెప్పదు. చూసేవాడు ఎవరు, ఎక్కడ నిలబడి, ఎంతసేపు చూస్తాడు అనే ఆలోచన గీసేవానికే ఉండాలి.

ఈసారి బేగంబజారుకు పోయినప్పుడు పాత్రపై పేరు కొట్టేవాని చేతిని కాసేపు చూడండి. సూది చుక్కలు వేస్తూనే ఉంటుంది. చేయి మాత్రం గీతను అనుసరిస్తుంది. ఏ చెంబు ఎవరిదో పెండ్లి పందిట్లో తగవు లేకుండా తేలాలన్నదే ఆ గీత ఉద్దేశం. ఎన్నికల గదిలోని గుర్తుకైనా, ఫోను తెరపైని గుర్తుకైనా ఉద్దేశం అంతకంటె వేరు కాదు.